రైడ్ కార్డు కొనాలా, లినక్స్‌కే అప్పజెప్పాలా?

ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా డిస్కులను జత చేయడమే రైడ్. ఆ పని ప్రత్యేక కార్డు చేస్తే హార్డ్‌వేర్ రైడ్, లినక్స్ చేస్తే సాఫ్ట్‌వేర్ రైడ్. పలాసలో జీడిపప్పు కంపెనీ ఆఫీసుకైనా, శ్రీకాకుళంలో కాలేజీకైనా రెండు మూడు డిస్కుల సర్వర్ పెట్టేటప్పుడు స్పీడు లెక్క తర్వాత. కార్డు పోయిన రోజున అలాంటిదే ఇంకోటి ఎన్నాళ్లకు చేతికొస్తుందో ముందు తేల్చుకోండి. హార్డ్‌వేర్ రైడ్‌లో డిస్కులను ఎలా జత చేశారన్న వివరం ఆ కార్డు తయారీదారు పద్ధతిలోనే రాసి ఉంటుంది. డిస్కులు నిక్షేపంగా ఉన్నా, అదే రకం కార్డు దొరికేదాకా డేటా బయటికి తీయడం కష్టం. కార్డు మార్గమే పట్టేట్టయితే మొదటి రోజే రెండు కొని, ఒకటి బీరువాలో పెట్టుకోవాలి. లినక్స్‌లో రైడ్ కట్టే ప్రోగ్రామ్ ఎండీఆడమ్ (mdadm). దానితో కట్టిన జతకు ఈ బాధ లేదు. డిస్కులు తీసి ఏ లినక్స్ మెషీన్‌కు తగిలించినా గుర్తుపడుతుంది. ఒకే డేటాను రెండు డిస్కుల మీదా రాసే మిర్రర్‌కు ప్రాసెసర్ మీద పడే భారం కూడా లెక్కలోకి రానంత తక్కువ.

కార్డు తప్పనిది రెండు చోట్ల: ఒకే మెషీన్ మీద చాలా సర్వర్లు నడిపించే వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ వాడేటప్పుడు, డేటాబేస్‌లో చిన్న చిన్న రైట్లు (డిస్కుకు రాయడాలు) ఎడతెరిపి లేకుండా పడేటప్పుడు. రెండోదానిలో లాభమంతా కార్డు మీది రైట్‌బ్యాక్ క్యాష్‌దే, అంటే రాయాల్సినదాన్ని ముందు తనలో ఉంచుకుని తర్వాత డిస్కుకు పంపే మెమరీది. కరెంటు పోతే అందులో ఉన్నదాన్ని కాపాడేది ఏమిటో చూసి కొనండి. బ్యాటరీ రకం మహా అయితే రెండు మూడు రోజులు ఆగుతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక చాలా ఊళ్లకు అంతకన్నా ఎక్కువ రోజులే కరెంటు లేదు. సూపర్ కెపాసిటర్‌తో క్యాష్‌ను ఫ్లాష్‌లోకి దింపుకునే రకమైతే ఎన్నాళ్లు ఆగినా పర్లేదు. ఇంకోమాట: బ్యాటరీ ముసలిదైతే కార్డు తనంతట తనే రైట్‌త్రూకి (క్యాష్‌లో ఆపకుండా నేరుగా డిస్కుకే రాసే పద్ధతికి) మారిపోతుంది. సర్వర్ ఉన్నట్టుండి నత్తనడక పట్టిందంటే డిస్కుల్ని తిట్టకుండా ముందు బ్యాటరీ చూడండి.

మదర్‌బోర్డు బయోస్‌లో ఉచితంగా వచ్చే రైడ్ జోలికి మాత్రం పోవద్దు. అదీ సాఫ్ట్‌వేరే, కాకపోతే బోర్డుకు కట్టిపడేసిన సాఫ్ట్‌వేర్.

సాఫ్ట్‌వేర్ దారి పట్టాక, రెండు డిస్కుల మీదా పార్టిషన్ చేసేటప్పుడు చివర 100 ఎంబీ వదిలేయండి. రేపు వేరే కంపెనీ డిస్కు కొంచెం చిన్నదొచ్చినా సరిపోతుంది. రైడ్ 1 (మిర్రర్) గానీ, నాలుగు డిస్కులుంటే రైడ్ 10 (రెండు మిర్రర్ జతల మీద డేటాను పంచేది) గానీ కట్టండి. రైడ్ 5లో రాస్తుండగా కరెంటు పోతే డేటాకూ, పోయిన డిస్కును తిరిగి లెక్కగట్టేందుకు రాసే ప్యారిటీకీ పొంతన తప్పవచ్చు. ఆ తప్పు తర్వాత డిస్కు పోయినప్పుడు బయటపడవచ్చు. యూపీఎస్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో సర్వర్‌కు కలిపి, బ్యాటరీ అయిపోకముందే షట్‌డౌన్ అయ్యేలా పెట్టండి.

చాలామంది మరిచేది బూట్‌లోడర్, అంటే మెషీన్ ఆన్ చేయగానే లినక్స్‌ను లేపే ప్రోగ్రామ్. లినక్స్‌లో సాధారణంగా అది గ్రబ్. దాన్ని రెండు డిస్కుల్లోనూ ఎక్కించాలి. యూఈఎఫ్ఐ (పాత బయోస్ బదులు వచ్చిన కొత్త పద్ధతి) మెషీన్ అయితే ఈఎఫ్ఐ పార్టిషన్‌నూ రెండోదానిలోకి కాపీ చేయాలి. లేకపోతే మొదటి డిస్కు పోయిన రోజున డేటా ఉంటుంది, సర్వర్ లేవదు. పని అయ్యాక మెషీన్ ఆపి, ఒక్కో డిస్కూ విడిగా తీసి బూట్ చేసి చూడండి.

డెస్క్‌టాప్ డిస్కులతో ఇంకో చిక్కు. చెడ్డ సెక్టార్ తగిలితే అవి నిమిషాల తరబడి కుస్తీ పడతాయి, లినక్స్ 30 సెకన్లే ఆగుతుంది. దాంతో బాగానే ఉన్న డిస్కు జతలోంచి బయటపడుతుంది. స్మార్ట్‌కంట్రోల్ (smartctl) కమాండ్‌తో ఎర్రర్ రికవరీ సమయాన్ని 7 సెకన్లకు దించండి. చాలా డిస్కులు ఆఫ్ చేయగానే దీన్ని మరిచిపోతాయి కాబట్టి బూట్ స్క్రిప్టులో రాయండి. ఆ సదుపాయం లేని డిస్కయితే లినక్స్ గడువును 180 సెకన్లకు పెంచండి.

4 టీబీ డిస్కు మారిస్తే, సెకనుకు 150 ఎంబీ చొప్పున రీబిల్డ్‌కు (కొత్త డిస్కులోకి డేటా మళ్లీ నింపడానికి) దాదాపు ఏడున్నర గంటలు పడుతుంది. ఆలోపు చెడ్డదనుకుని మంచి డిస్కు లాగేశారంటే అంతే సంగతులు. ప్రతి ట్రే మీదా సీరియల్ నంబర్‌లో చివరి నాలుగక్షరాలు రాసి అంటించండి, తీసే ముందు స్క్రీన్ మీది నంబర్‌తో సరిచూసుకోండి.