సేవ్ కొడితే పేజీ దానంతటదే మారాలంటే

పర్లాకిమిడిలో మా బావ కొమ్ము బొమ్మల కొట్టుకి చిన్న వెబ్‌సైట్ చేస్తున్నాను. బొమ్మల పేర్లు తెలుగులో, ఒడియాలో పక్కపక్కనే. ఒక్క ఒత్తు సరిచేసినా సర్వర్ ఆపడం, మళ్లీ లేపడం, బ్రౌజర్‌లో ఎఫ్5 నొక్కడం. విసుగొచ్చేసింది.

కొత్త ప్యాకేజీ ఏదీ అక్కర్లేదు. నోడ్ (జావాస్క్రిప్ట్‌ని బ్రౌజర్ బయట నడిపే ప్రోగ్రామ్) 22 ఉంటే ‘నోడ్ --వాచ్ సర్వర్.జేఎస్’ అని నడపండి (కొట్టేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే లెండి). సర్వర్ ఇంపోర్ట్ చేసుకున్న ఫైల్ ఏది సేవ్ చేసినా తనే ఆగి లేస్తుంది. విడిగా ఉన్న సీఎస్ఎస్ (పేజీ రూపురేఖల ఫైల్) మారిస్తే మాత్రం కదలదు.

ఇక బ్రౌజర్. సర్వర్‌లో ‘రీలోడ్’ అని ఒక రూట్ (సర్వర్ జవాబిచ్చే దారి) పెట్టండి. కంటెంట్ టైప్ ‘టెక్స్ట్/ఈవెంట్-స్ట్రీమ్’. అందులో ‘రీట్రై: 300’ అని రాసి, కింద ఒక ఖాళీ లైన్ వదిలి, రెస్పాన్స్‌ని మూయకుండా అలాగే ఉంచేయండి. పేజీలో ఈవెంట్‌సోర్స్‌తో (సర్వర్ పంపేది వింటూ ఉండే బ్రౌజర్ సదుపాయం) ఆ రూట్‌కి కనెక్ట్ అవ్వండి. సర్వర్ ఆగితే కనెక్షన్ తెగుతుంది, 300 మిల్లీసెకన్లు ఆగి బ్రౌజరే మళ్లీ కలుపుతుంది. ‘ఆన్‌ఓపెన్’ (కనెక్షన్ కుదిరిందన్న కబురు) మొదటిసారి వస్తే ఊరుకోండి, రెండోసారి వస్తే ‘లొకేషన్.రీలోడ్’ని పిలవండి. అంతా కలిపి పదిహేను లైన్లు.

ఒకే సైట్‌ని ఆరేడు ట్యాబుల్లో తెరవకండి. హెచ్‌టీటీపీ 1.1లో ఒక చిరునామాకి బ్రౌజర్ ఇచ్చేవి 6 కనెక్షన్లే, ఒక్కో ట్యాబ్ ఒకటి పట్టుకుని కూర్చుంటుంది. ఏడో ట్యాబ్ తిరుగుతూనే ఉంటే సర్వర్ పాడైందనుకుని అరగంట వెతికాను.