బ్లైండ్ టేస్టింగ్ పాఠాలు – 6: క్సినోమావ్రో

పోయిన పాఠంలో ఇటలీ ద్రాక్ష నెబియోలో చూశాం. దానితో పోలిక వల్ల బ్లైండ్ టేస్టింగ్‌లో, అంటే సీసా మీది పేరు చూడకుండా వైన్ ఏ ద్రాక్షదో చెప్పే పరీక్షలో, తికమక పెట్టేది ఉత్తర గ్రీసు ద్రాక్ష క్సినోమావ్రో. గ్రీసు దాటితే దీన్ని పండించేవాళ్లు చాలా తక్కువ. హనుమకొండ వైన్స్‌లో అడగ్గానే దొరికే సరుకు కాదు. ఎవరైనా తెచ్చిపెడతామంటే సీసా మీద 'నౌసా' అన్న ఊరి పేరు చూడమనండి. 1971లో చట్టబద్ధమైన ఆ పేరుతో వచ్చే రెడ్ వైన్‌ను ఈ ఒక్క ద్రాక్షతోనే చేయాలి. సీసా వచ్చేలోపు నాలుకను తయారు చేసుకుందాం.

గ్లాసును తెల్ల కాగితం మీద వంచితే రంగు పలచగా ఉంటుంది, కొన్నేళ్లకే అంచు ఇటుక రంగుకు తిరుగుతుంది. ఇక్కడే చాలామంది తొందరపడి, పలచని రంగు రెడ్ వైన్ ఇచ్చే మరో ద్రాక్ష 'పినో న్వార్' పేరు రాసేస్తారు. రాయకండి. ఒక గుక్క నోట్లో తిప్పి, ఉమ్మేసి, ఆగండి. పులుపుకు దవడల దగ్గర నీళ్లూరతాయి. టానిన్లు (వైన్‌లో వగరు పుట్టించే పదార్థాలు) లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేయడంతో చిగుళ్లు ఆరిపోతాయి, అదే వగరు. పచ్చి తునికికాయ కొరికినవాళ్లకు ఆ పట్టు చెప్పక్కర్లేదు. పినోలో ఇంత వగరు ఉండదు. రంగు పలచన, పులుపూ వగరూ రెండూ ఎక్కువ అనిపిస్తే ముందు గుర్తుకు రావాల్సినవి నెబియోలో, క్సినోమావ్రో.

నా మటుకు ముక్కు కన్నా నోటికే ముందు సాధన కావాలి. ఒక గ్లాసులో పలచని చింతపండు రసం పోయండి. ద్రాక్షలో ముఖ్యమైన టార్టారిక్ ఆమ్లమే చింతపండులోనూ ఉంటుంది, అందుకే నిమ్మరసం వద్దంటున్నాను. రెండోదాంట్లో పాలు, చక్కెర లేకుండా బాగా మరిగించి చల్లార్చిన టీ డికాక్షన్. మూడోదాంట్లో రెండూ కలపండి. ఇంట్లోవాళ్లను వరుస మార్చి ఇవ్వమని, కళ్లు మూసుకుని చెప్పండి. తర్వాత మూడో గ్లాసులో పాళ్లు మార్చమనండి. పులుపు పెరిగిందో, వగరు పెరిగిందో తడుముకోకుండా చెప్పగలిగేదాకా వదలకండి. మధ్యమధ్య నీళ్లు తాగి ఆగాలి, లేకపోతే వగరు నోట్లో పేరుకుపోతుంది.

ఇక వాసన. నెబియోలోలో గులాబీ, తారు. క్సినోమావ్రోలో ఎండిన టమాట, ఆలివ్. ఆలివ్ మనకు అలవాటు లేనిది, ఇప్పటికి టమాట చాలు. ముక్కలు ఎండబెట్టి, తొక్కులో కారం, మెంతిపొడి పడకముందే వాసన చూడండి. పక్కన ఒక తాజా టమాట కోసి పెట్టుకుంటే తేడా గుర్తుంటుంది.

మన ఎండల్లో గది వేడికి ఉంచిన రెడ్ వైన్‌లో ఆల్కహాల్ ఘాటే ముందు కొడుతుంది. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, 16–18 డిగ్రీలకు వచ్చాక పోయండి.

వచ్చే పాఠంలో సపెరవి, గుజ్జు కూడా ఎర్రగా ఉండే జార్జియా ద్రాక్ష.