వాటర్ రింగ్ పంపులో వాక్యూమ్ చాలకపోతే: సమస్య, కారణం, పరిష్కారం

మందుల కర్మాగారాల్లో డ్రైయర్లకు వాక్యూమ్ అందించే వాటర్ రింగ్ పంపుల (లోపల వలయంలా తిరిగే నీటితో గాలిని లాగే పంపులు) మీద తరచుగా వచ్చే ఫిర్యాదు, గేజ్ ముల్లు ఎక్కవలసినంత ఎక్కడం లేదన్నది. పంపును విప్పే ముందు దాని సక్షన్ వాల్వును (గాలిని లాగే వైపు వాల్వు) కొద్ది క్షణాలు మూసి చూడాలి. ముల్లు వెంటనే పైకి లేస్తే పంపు బాగున్నట్టే, లోపం పైపులోనో డ్రైయర్‌లోనో ఉంది. మూత గాస్కెట్, షాఫ్టు గ్లాండు, సైట్ గ్లాసు, డ్రెయిన్ వాల్వు సాధారణంగా గాలి దూరే చోట్లు. వాక్యూమ్‌లో సబ్బు నీరు బుడగలు కట్టక లోపలికే పీల్చుకుపోతుంది కనుక, ఒక్కొక్క భాగాన్ని వాల్వుతో విడదీసి, ఎక్కడ ముల్లు పడిపోతోందో గమనించడమే నమ్మదగిన పద్ధతి.

వాల్వు మూసినా ముల్లు లేవకపోతే ముందు నీటిని అనుమానించండి. పంపులో తిరిగే నీటి ఆవిరి పీడనం (ఆ వేడి వద్ద నీరు ఆవిరిగా మారే పీడనం) కంటే తక్కువ పీడనాన్ని ఆ పంపు సాధించలేదు. అది 15 డిగ్రీల వద్ద సుమారు 13 మి.మీ. పాదరసం, 30 వద్ద 32, 40 వద్ద 55. చలికాలంలో చక్కగా పనిచేసిన పంపు మే నెలలో మొరాయించడానికి ఇదే కారణం, కొత్త ఇంపెల్లర్ (లోపల తిరిగే రెక్కల చక్రం) వేసినా ఫలితం ఉండదు. చల్లటి నీరు ఇవ్వాలి. అదే నీటిని తిప్పి వాడుతుంటే మధ్యలో హీట్ ఎక్స్‌ఛేంజర్ పెట్టాలి. అసిటోన్ వంటి సాల్వెంట్ ఆ నీటిలో కలిసినా వాక్యూమ్ పడిపోతుంది కాబట్టి నీటిని మార్చి, పంపుకు ముందున్న కండెన్సర్ సరిగా చల్లబరుస్తోందో లేదో చూడాలి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నందున అక్కడ వాతావరణ పీడనమే 715 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. గేజ్ చూపేది వాతావరణ పీడనం కంటే లోపలి పీడనం ఎంత తక్కువో కనుక, విశాఖలో 700 చూపిన గేజ్ అక్కడ 655 చూపితే అది లోపం కాదు.

పంపులో గులకరాళ్లు దొర్లినట్టు శబ్దం వస్తే అది కావిటేషన్, అంటే నీటిలో ఆవిరి బుడగలు పుట్టి పగలడం. దాన్ని అలాగే వదిలేస్తే ఇంపెల్లర్ గుంతలు పడుతుంది. నీటిని చల్లబరచి, కాస్త గాలిని లోపలికి వదిలే ఎయిర్ బ్లీడ్ వాల్వును కొద్దిగా తెరవాలి. మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంటే నీరు ఎక్కువైందా, లోపల సున్నం పేరుకుందా చూడండి. మోటారు రిపేరు తర్వాత అసలు వాక్యూమే రాకపోతే ఫేజులు తారుమారై పంపు వెనక్కి తిరుగుతోందేమో, కేసింగ్ మీది బాణం గుర్తుతో పోల్చి చూడాలి.