పిల్లలకు మొదటి దివ్యసత్ప్రసాదం: ఇంట్లో ఎలా సిద్ధం చేయాలి

కతోలిక సంఘంలో సుమారు ఏడేళ్లకు, అంటే మంచిచెడులు తెలిసే వయసుకు, సత్ప్రసాదం (పూజలో యేసు శరీరంగా స్వీకరించే అప్పం) ఇవ్వవచ్చని పదవ పయస్ పోపు 1910లో స్థిరపరిచారు. జపాలు అప్పజెప్పడం కాదు అసలు పరీక్ష. "మామూలు రొట్టెకూ దీనికీ తేడా ఏమిటి?" అని అడగండి. "ఇది యేసుప్రభువు" అని బిడ్డ మనసారా చెబితే చాలు, ఇంకో ఏడాది ఆపకండి.

ముందుగా పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, చేయించాలి. స్వీకరించే సమయానికి గంట ముందునుంచి ఏమీ తినకూడదు; మంచినీళ్లు, మందులు ఫరవాలేదు.

అభిషేకించని అప్పంతో సాధన చేయించండి. కుడిచేతిపై ఎడమచెయ్యి పెట్టి, "ఆమెన్" అని, అందుకుని, పక్కకు జరిగి అక్కడే నోట్లో వేసుకోవాలి. ఉత్త చేతులతో నేర్పితే కంగారులో అప్పం పట్టుకునే తమ చోటికి నడుస్తారు. అంగిలికి అంటుకుంటే వేలు పెట్టనివ్వకండి, అదే నానుతుంది.