యూరప్ రాజవంశాలు నేర్చుకుందాం, 4వ పాఠం: వంశం పేరు ఒక ఊరిది, కాపురం ఇంకో ఊళ్ళో

ఈసారి స్పెయిన్ మొదలెడదాం అనుకున్నా గానీ ఆపేస్తున్నా. పోయిన పాఠం చివర్లో విక్టోరియా రాణి ఏ వంశం, ఆమె కొడుకు ఏడవ ఎడ్వర్డ్ ఏ వంశం అని అడిగాను కదా, వచ్చిన జవాబుల్లో ఎక్కువ మంది ఇద్దరికీ విండ్సర్ అని రాశారు, మిగతావాళ్ళలో చాలామంది ఇద్దరికీ సాక్స్-కోబర్గ్ అని రాశారు. ఇది తేలకుండా ముందుకెళ్తే ప్రతి దేశం దగ్గరా ఇదే తప్పు వస్తుంది.

విక్టోరియా హానోవర్. ఎడ్వర్డ్ సాక్స్-కోబర్గ్-గోథా. విండ్సర్ అనే వంశం పేరు వాళ్ళిద్దరూ బతికుండగా లేనే లేదు.

నెమ్మదిగా చూద్దాం. 1714లో బ్రిటన్ రాణి ఆన్ చనిపోయేసరికి ఆమె పిల్లలెవరూ బతికి లేరు, ప్రొటెస్టెంట్లకే సింహాసనం అనే చట్టం అప్పటికే ఉంది కాబట్టి జర్మనీలో హానోవర్ పాలకుడు లండన్ వచ్చి మొదటి జార్జ్ అయ్యాడు. విక్టోరియా తండ్రి మూడవ జార్జ్ కొడుకు, అంటే ఆమె పుట్టుకతోనే హానోవర్. 1840లో జర్మనీలోని సాక్స్-కోబర్గ్ నుంచి వచ్చిన ఆల్బర్ట్‌ని పెళ్ళి చేసుకుంది. ఇక్కడే అందరూ జారిపోతున్నారు. మన దగ్గర పెళ్ళయితే అమ్మాయి ఇంటిపేరు మారుతుంది కదా, ఆ లెక్క ఇక్కడికి తెచ్చేస్తున్నారు. రాణికి పెళ్ళితో వంశం మారదు, ఆమె 1901లో చనిపోయేదాకా హానోవరే. పిల్లలది మాత్రం తండ్రి వంశం. అందుకే సింహాసనం తల్లి నుంచి కొడుక్కే వెళ్ళినా, 1901లో బ్రిటన్ రాజవంశం మారిపోయింది. తర్వాత 1917లో జర్మనీతో యుద్ధం నడుస్తుండగా జర్మన్ పేరు పెట్టుకుని ఉండటం కుదరదని ఐదవ జార్జ్ జులై 17న విండ్సర్ అని మార్చేశాడు. అంటే ఒకే మనిషి 1910లో సింహాసనం ఎక్కినప్పుడు సాక్స్-కోబర్గ్, 1917 నుంచి విండ్సర్. 1901లో వంశం మారింది, 1917లో పేరు మాత్రమే మారింది. ఈ రెండూ వేరు వేరు, దయచేసి కలపొద్దు.

ఇంకో ఉదాహరణ, ఇదే సూత్రం. ఆస్ట్రియా మరియా థెరీసా 1736లో లొరేన్ పాలకుడు ఫ్రాన్సిస్‌ని చేసుకుంది. ఆమె హాబ్స్‌బర్గ్. పిల్లలు హాబ్స్‌బర్గ్-లొరేన్. కాబట్టి ఫ్రాన్స్‌కి కోడలుగా వెళ్ళిన ఆమె కూతురు మేరీ ఆంటోనెట్ ఏంటి? హాబ్స్‌బర్గ్-లొరేన్, ఫ్రాన్స్ రాణి అయ్యాక కూడా అదే. బూర్బన్ (అది ఆమె భర్త వంశం, ఫ్రాన్స్ రాజులది) అని రాసినవాళ్ళు పై పేరా మళ్ళీ చదవండి.

సరే, ఈ సూత్రాన్ని దాటేసిన దేశాలు ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో విల్హెల్మినా, జూలియానా, బీట్రిక్స్ అని వరసగా ముగ్గురు రాణులు, అయినా వంశం పేరు ఆరెంజ్-నాసా అలాగే ఉంచుకున్నారు. బ్రిటన్‌లో రెండో ఎలిజబెత్ 1952లో తన పిల్లలు కూడా విండ్సరే అని ప్రకటించింది, లేకపోతే భర్త ఫిలిప్ వైపు నుంచి ఆయన వంశమైన గ్లుక్స్‌బర్గ్ అయ్యేవాళ్ళు. నేనైతే నోట్‌బుక్‌లో అధికారిక వంశం పెన్నుతో, దాని కింద తండ్రి వైపు వరస పెన్సిల్‌తో రాసుకుంటా. ఎలిజబెత్ కొడుకు మూడవ చార్ల్స్ దగ్గర పెన్నుతో విండ్సర్, పెన్సిల్‌తో గ్లుక్స్‌బర్గ్. ఈ అలవాటు చేసుకుంటే సగం గొడవ పోతుంది.

ఇప్పుడు పోయిన పాఠంలో నింపమన్న పట్టికలో రెండో కాలమ్, "వంశం సొంత ఇల్లు". అందరూ ఇప్పుడు రాజు ఎక్కడుంటాడో అది రాసేశారు. నేనడిగింది వంశానికి పేరిచ్చిన చోటు. మన ఇంటిపేర్లలో ఊరి పేర్లు ఎన్ని లేవు, ఆ ఊరు వదిలి తరాలు దాటినా పేరు మాత్రం వెంట వస్తుంది కదా, వీళ్ళదీ అదే.

హాబ్స్‌బర్గ్ చూడండి. కోట వియన్నాలో లేదు, ఆస్ట్రియాలోనే లేదు. స్విట్జర్లాండ్‌లో ఆర్గావ్ ప్రాంతంలో, 11వ శతాబ్దం మొదటి సగంలో కట్టిన చిన్న కొండకోట. ఆ ఇంటి రుడాల్ఫ్ 1273లో జర్మనీ రాజుగా ఎన్నికయ్యాడు, 1278లో బొహీమియా రాజు ఒట్టోకర్‌ని ఓడించాడు, 1282లో ఆస్ట్రియాని కొడుకుల చేతిలో పెట్టాడు. అక్కణ్ణుంచి కాపురం తూర్పుకి జరిగిపోయింది. 1415లో స్విస్ వాళ్ళు ఆర్గావ్‌ని లాగేసుకున్నారు, కోట కూడా పోయింది. అంటే 1918లో సామ్రాజ్యం కూలేదాకా 500 ఏళ్ళు, వియన్నా హోఫ్‌బుర్గ్ రాజభవనంలో కూర్చున్న చక్రవర్తులు తమది కాని కోట పేరు మోశారు. నాకు ఈ మొత్తం సబ్జెక్ట్‌లో అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే.

హోహెన్‌జోలెర్న్ (ప్రష్యా రాజవంశం) కోట ఫొటో పెట్టి మధ్యయుగం నాటిది అని రాసినవాళ్ళకి: స్థలం పాతదే, ఇప్పుడు కనిపించే కట్టడం 1850-1867 మధ్య కట్టింది, ఆ కొండ మీద అది మూడో కోట. అప్పటికి ఆ కుటుంబం బెర్లిన్‌లో రాజ్యం చేస్తోంది, తాతల కొండ మీద మోజుతో ప్రష్యా రాజు మళ్ళీ కట్టించాడు. విండ్సర్ అయితే పూర్తిగా తిరగేసి ఉంటుంది, 11వ శతాబ్దంలో విజేత విలియం మొదలుపెట్టిన కోట, ఎన్నో వంశాలు అందులో ఉన్నాయి, ఆ పేరుని ఈ కుటుంబం 1917లో తీసుకుంది. కాబట్టి వాళ్ళ అసలు చోటు కావాలంటే కోబర్గ్ వెళ్ళాలి, ఆల్బర్ట్ 1819లో పుట్టిన రోజెనావ్ భవనం ఆ ఊరి దగ్గరే.

నెదర్లాండ్స్ వాళ్ళ పేరులోని ఆరెంజ్ దక్షిణ ఫ్రాన్స్‌లో ఊరు, 1713 నుంచి ఫ్రాన్స్‌ది. స్వీడన్ రాజవంశం బెర్నడాట్‌లకి కోటే లేదు, మూలపురుషుడు ఫ్రాన్స్‌లోని పావ్ అనే ఊళ్ళో 1763లో మామూలు ఇంట్లో పుట్టాడు, నెపోలియన్ దగ్గర మార్షల్ అయ్యి 1818లో స్వీడన్ రాజయ్యాడు. అదే పావ్ కోటలో 1553లో నాలుగో హెన్రీ పుట్టాడు, ఫ్రాన్స్‌కి మొదటి బూర్బన్ రాజు.

నా షార్ట్‌కట్ ఒకటి చెప్తా. వంశం ఎక్కడ స్థిరపడిందో తెలియాలంటే సమాధులు చూడండి. హాబ్స్‌బర్గ్‌లకి వియన్నా కాపుచిన్ చర్చి, డెన్మార్క్ రాజులకి రోస్కిల్డ చర్చి, ఆరెంజ్ వాళ్ళకి నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ చర్చి. స్పెయిన్ రాజుల సమాధులున్న ఎస్కోరియల్ మఠం దగ్గర మాత్రం ఇది పనిచేయదు, హాబ్స్‌బర్గ్‌లూ బూర్బన్‌లూ ఒకే చోట ఉన్నారు.

అభ్యాసం. ఐదవ జార్జ్, జర్మనీ రెండో విల్హెల్మ్, రష్యా రెండో నికోలస్, ఎలిజబెత్ భర్త ఫిలిప్, ఈ నలుగురికీ పెన్ను, పెన్సిల్ రెండు వరసలూ రాసి, పేరిచ్చిన చోటు, చివరికి ఉన్న చోటు నింపండి. జార్జ్, నికోలస్ తల్లులు అక్కచెల్లెళ్ళు, డెన్మార్క్ తొమ్మిదవ క్రిస్టియన్ కూతుళ్ళు, కానీ పెన్సిల్ వరసకి తల్లి వైపు లెక్కలోకి రాదు. నికోలస్ దగ్గర రొమనోవ్ అని రాసి ఆగిపోకండి, 1762లో సింహాసనం ఎక్కిన మూడవ పీటర్ జర్మనీలో కీల్‌లో పుట్టాడు, ఆయన తండ్రి ఎవరో చూడండి. ఆ పెన్సిల్ గీత, ఫిలిప్ పెన్సిల్ గీత పైకి వెళ్తూ వెళ్తూ ఒకే చోట కలవాలి, కలవకపోతే మధ్యలో ఎక్కడో తల్లి వైపుకి మళ్ళారన్నమాట. ఆ చోటు పేరు, ఆ కుటుంబం డెన్మార్క్ సింహాసనం ఎక్కిన సంవత్సరం రాసి పంపండి.