మూగజీవాల చికిత్స కోసం మారథాన్ పరుగు: నిధుల సేకరణకు, శిక్షణకు ఒకే ప్రణాళిక

జంతు సంరక్షణకు నిధులు సేకరించడానికి మారథాన్ పరుగెత్తాలని సంకల్పించినవారిలో చాలామంది మొదట బూట్లు కొని, ఆపైన శిక్షణ మొదలుపెట్టి, పోటీ నెలన్నరలోకి వచ్చాక మాత్రమే విరాళాల సంగతి తలచుకుంటారు. ఈ వరుసను మార్చుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆ ఆఖరి నెలన్నరలోనే శిక్షణలోని అతి పొడవైన పరుగులు ఉంటాయి. ఒళ్లంతా అలసిపోయి, నిద్ర తప్ప మరేదీ రుచించని ఆ రోజుల్లో ఒక్కొక్కరికీ ఉత్తరం రాసే ఓపిక ఉండదు. అందువల్ల డబ్బు ఎవరికి, దేనికి, ఎంత అన్నది పరుగు మొదలుకాక ముందే తేల్చుకోవాలి.

ముందుగా సంస్థను ఎంచుకోండి. అది చట్టప్రకారం నమోదైనదేనా, ఏటా లెక్కలు బయటపెడుతుందా అని చూశాక, అనుమతి తీసుకుని ఒక పూట అక్కడ గడపండి. నేను మొదటిసారి వెళ్లిన రోజున, వాహనం ఢీకొని వెనుక కాలు విరిగిన ఒక చిన్న కుక్క కట్టును మారుస్తున్నారు. ఒకరు దాని తలను ఒడిలో పెట్టుకుని చెవి వెనుక నిమురుతుండగా, మరొకరు పాత కట్టును తడిపి, చర్మానికి అంటుకున్న దూదిని కొంచెం కొంచెంగా ఊడదీశారు. పని ముగియడానికి దాదాపు అరగంట పట్టింది. గోడకు వేలాడుతున్న పలక మీద దాని బరువు, మందు వేళలు, మళ్లీ కట్టు మార్చవలసిన తేదీ రాసి ఉన్నాయి. జంతువును రోడ్డు మీద నుంచి తీసుకురావడం ఒక్కరోజు పని. అసలు ఖర్చంతా ఆ తరువాతే ఉంటుంది: ఎక్స్‌రే, మత్తుమందు, శస్త్రచికిత్స, ఎముక అతుక్కునేదాకా వారాల తరబడి విశ్రాంతి, టీకాలు, సంతాన నియంత్రణ శస్త్రచికిత్స, దత్తత తీసుకునేవారు దొరికేదాకా తిండి. తల్లి లేని పసికూనలకైతే రాత్రింబవళ్లు రెండు మూడు గంటలకు ఒకసారి పాలు పట్టాలి.

ఒక్కొక్క చికిత్సకు ఎంత ఖర్చవుతుందో సంస్థను అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. ఆ పట్టీయే మీ లక్ష్యానికి పునాది. ఏదో ఒక గుండ్రని మొత్తాన్ని ప్రకటించడం కన్నా, ‘ఇన్ని కాళ్ల శస్త్రచికిత్సలు, ఇన్ని టీకాలు’ అని చెబితే తానిచ్చే డబ్బు ఎక్కడికి చేరుతుందో దాత కళ్లకు కడుతుంది.

పోటీలో ప్రవేశానికి రెండు మార్గాలున్నాయి. ప్రవేశ రుసుము మీరే కట్టుకుని, మీకు నచ్చిన సంస్థకు నిధులు సేకరించవచ్చు. లేదా, 1981లో మొదలైన లండన్ మారథాన్ వంటి పెద్ద పోటీలలో సేవాసంస్థలకు కేటాయించే స్థానాలలో ఒకటి తీసుకోవచ్చు. రెండో పద్ధతిలో కనీసం ఇంత సేకరిస్తామని మాట ఇవ్వవలసి ఉంటుంది. తక్కువ పడితే ఆ లోటు ఎవరు భరించాలో, గాయం వల్ల తప్పుకోవలసి వస్తే ఏమవుతుందో నిబంధనలలో చదివాకే సంతకం చేయండి.

ఇక శిక్షణ. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. వారానికి మూడు రోజులు ఎనిమిది, పది కిలోమీటర్లు తేలికగా పరుగెత్తగలిగినవారికి 16 నుంచి 20 వారాల శిక్షణ సరిపోతుంది. అంత అలవాటు లేనివారు ముందు కొన్ని నెలలు ఆ స్థాయికి చేరడానికే కేటాయించాలి. గుండె జబ్బు, మధుమేహం వంటివి ఉన్నవారు వైద్యుణ్ణి సంప్రదించాకే మొదలుపెట్టాలి. వారంలో నాలుగు రోజులు పరుగెత్తితే చాలు. అందులో ఒకటి లాంగ్ రన్, అంటే ఆ వారంలో అన్నిటికన్నా పొడవైన పరుగు. ఎక్కువ కిలోమీటర్లను పక్కవారితో ఆగకుండా మాట్లాడగలిగేంత నెమ్మదిగానే పరుగెత్తాలి. లాంగ్ రన్ దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగా పెంచుతూ, మూడు నాలుగు వారాలకు ఒకసారి తగ్గించుకుంటూ, పోటీకి సుమారు మూడు వారాల ముందు 30 లేదా 32 కిలోమీటర్లకు చేరి, అక్కడి నుంచి తగ్గించుకుంటూ రావాలి. కండరాలలో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం చాలామందికి 30 కిలోమీటర్లు దాటేసరికి అడుగంటుతుంది. ఒక్కసారిగా కాళ్లు బరువెక్కిపోవడానికి కారణం అదే. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పరుగులోనే తీసుకోవడాన్ని లాంగ్ రన్‌లలోనే అలవాటు చేసుకోవాలి. నీళ్లు అవసరమే కానీ, దాహానికి మించి తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. ఎముక మీద ఒకే చోట గుచ్చినట్టు నొప్పి వస్తే పరుగు ఆపి వైద్యుడికి చూపించుకోవాలి.

పెంపుడు కుక్కను వెంటబెట్టుకుని శిక్షణ పొందాలని కొందరు ముచ్చటపడతారు. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా పాదాల మెత్తల దగ్గరే. ఒంటి వేడిని ప్రధానంగా రొప్పడం ద్వారానే తగ్గించుకుంటుంది కనుక, మనకు మామూలుగా తోచే ఎండ కూడా దానికి వడదెబ్బ కావచ్చు. లాంగ్ రన్‌లకు దాన్ని తీసుకువెళ్లకండి.

విరాళాల విజ్ఞప్తి శిక్షణతో పాటే నడవాలి. మొదటి వారంలో బాగా దగ్గరివారికి మాత్రం, ఒక్కొక్కరికీ పేరు పెట్టి రాయండి. విరాళాల పేజీ తెరిచినవారు తమకన్నా ముందు ఎవరు ఎంత ఇచ్చారో చూస్తారు కాబట్టి, ఉదారంగా ఇవ్వగలిగినవారిని మొదటే అడగడం మంచిది. తరువాతి విజ్ఞప్తులను లాంగ్ రన్‌లకు ముడిపెట్టండి: ‘ఈ ఉదయం 24 కిలోమీటర్లు పూర్తి చేశాను. వెనుక కాలు విరిగి వచ్చిన కుక్కకు వచ్చే వారం శస్త్రచికిత్స. ఆ ఖర్చులో సగం సమకూరింది. మిగిలిన సగంలో మీరు ఎంత ఇవ్వగలిగినా నేరుగా సంస్థ ఖాతాకే చేరుతుంది.’ ఇంతకన్నా పొడవు అక్కర్లేదు. డబ్బు మీ సొంత ఖాతాలోకి రానివ్వకండి. బూట్లు, ప్రయాణం ఖర్చులు మీవేనని స్పష్టంగా రాయండి. ఉద్యోగులు ఇచ్చిన విరాళానికి సమానంగా తామూ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి కనుక దాతలను ఆ సంగతి కనుక్కోమనండి.

నెత్తురోడుతున్న ఫొటోలు పెట్టవద్దు; చూసేవారు ముఖం తిప్పుకుంటారు. కోలుకుంటున్న జంతువు ఫొటో చాలు. సంస్థ చిరునామాను ప్రచారం చేసే ముందు వారి అనుమతి అడగండి, ఎందుకంటే పేరు బయటికి వచ్చిన కేంద్రాల గేటు ముందు రాత్రికి రాత్రే కుక్కపిల్లలను వదిలి వెళ్లేవారు ఉంటారు. ‘మనుషులే కష్టాల్లో ఉంటే జంతువులకా?’ అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. వాదనకు దిగకుండా ఒక్క విషయం చెప్పండి: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల ద్వారానే సోకుతుంది, ఒక ప్రాంతంలోని కుక్కలలో కనీసం 70 శాతానికి టీకాలు వేయిస్తే ఆ వ్యాప్తి ఆగుతుంది. కుక్కకు వేసే టీకా పిల్లలకూ రక్షణే.

పోటీ రోజున కొత్త బూట్లు, కొత్త తిండి వద్దు. తొడలు, చంకలు ఒరుసుకునే చోట వ్యాసలీన్ రాసుకుని, మొదటి పది కిలోమీటర్లు మరీ నెమ్మదిగా ఉందేమో అనిపించే వేగంతో వెళ్లండి. అయిదారుగురు దాతలకు పరుగు మార్గం ముందే పంపి, 30వ కిలోమీటరు దాటాక ఎక్కడో ఒకచోట నిలబడమని అడగండి.

వారం లోపల దాతలందరికీ లెక్క పంపాలి: ఎంత వచ్చింది, సంస్థకు ఏ తేదీన చేరింది, ఏ చికిత్సలకు కేటాయించారు. మీరు ఏ జంతువు పేరు చెప్పి అడిగారో దాని పరిస్థితి కూడా అందులో రాయండి. అది కోలుకుంటే కట్టు విప్పిన తరువాత తీసిన ఫొటో జతచేయండి. బతకకపోతే ఆ మాటా దాచకుండా రాసి, దాని కోసం వచ్చిన సొమ్ము ఇప్పుడు ఏ జంతువుకు వెళుతుందో చెప్పండి.