స్పోర్ట్స్ కారు స్పేర్ చక్రాలు, విడిభాగాలు అమ్మే ముందు జాగ్రత్తలు

చక్రాన్ని శుభ్రంగా కడిగి, మంచి వెలుతురులో నెమ్మదిగా తిప్పుతూ, బ్రేకు మసి పేరుకునే లోపలి అంచు మీద వెంట్రుకవాసి పగులైనా లేదని నిర్ధారించుకోవాలి. పగులు కనిపిస్తే, వెల్డింగ్ చేయించినా సరే, దాన్ని అమ్మకూడదు. రేపు ఆ చక్రం మీద అతివేగంగా వెళ్ళేది మరొకరి ప్రాణం.

వ్యాసం, వెడల్పు, ఆఫ్‌సెట్ (చక్రం వెడల్పు మధ్యరేఖకూ, దాన్ని కారుకు బిగించే తలానికీ మధ్య దూరం) అంకెలు సాధారణంగా చక్రం వెనుక వైపు అచ్చుపోసి ఉంటాయి కనుక వాటిని ఫోటో తీసి, బోల్టు రంధ్రాల కొలతతో సహా కొనేవారికి తెలియజేయాలి. ఈ కార్లలో చాలావాటికి వెనుక చక్రాలు ముందువాటికన్నా వెడల్పుగా ఉంటాయి కాబట్టి ఏది ఎక్కడిదో స్పష్టంగా రాయాలి. టైరు పక్కగోడపై తయారీ కోడ్ 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం; ఆ వయసు దాచకూడదు. బ్రేకు డిస్కుల ప్రస్తుత మందాన్ని కొలిచి చెప్పాలి. ఎయిర్‌బ్యాగ్‌లో మందుగుండు ఉంటుంది, మామూలు పార్సిల్‌లో పంపరాదు.